ఓవెన్‌లో లైటు

నిధి చేతిలో వెండి కుంకుమభరిణె గది చుట్టూ తిరిగి వస్తోంది. పారాయణం అయిపోయింది. హారతి సమయంలో పొగ అలారం మోగకుండా నిధి భర్త దానికి తొడిగిన షవర్ క్యాప్ ఇంకా పైన అలాగే ఉంది. కిటికీ అవతల మంచు సన్నగా పడుతోంది.

జ్ఞానప్రసూన సోఫా చివర, పెరటి తలుపు పక్కన కూర్చుంది. అది ఆమె ఎప్పుడూ కూర్చునే చోటు. భరిణె అటు వచ్చే వేళకి చూపు దించి చీర కుచ్చిళ్లు సర్దుకోవడం ఆమెకి అలవాటు. భర్త విశ్వనాథం పోయినప్పటి నుంచీ అంతే. అలా చేస్తే బొట్టు పెట్టేవాళ్లకీ ఇబ్బంది ఉండదు, తనకీ ఉండదు. ఆ తర్వాత ఎవరో ఒకరు వచ్చి అరటిపండో యాపిలో చేతిలో పెట్టి, "తీసుకోండి ఆంటీ" అంటారు, మామూలు కన్నా కాస్త మెత్తగా.

ఆ రోజు చూపు దించడం ఆలస్యమైంది. అందుకే ఆమె చూసింది.

పక్కనే కూర్చున్న నమ్రత నుదుటి మీద పడిన జుట్టు వెనక్కి తోసుకుని గడ్డం పైకెత్తింది. నిధి ఉంగరం వేలు భరిణెలోనే ఉంది. నమ్రతని చూసింది కూడా. చూసి, "అవనీ, నీకు పసుపిచ్చానా?" అంటూ వెనక్కి తిరిగింది. మళ్లీ ఇటు రాలేదు. నమ్రత గడ్డం కాసేపు అలాగే ఎత్తి ఉంది. తర్వాత జుట్టు పట్టుకున్న చేత్తోనే కనుబొమ దగ్గర ఏదో దురద పుట్టినట్టు గోక్కుని, ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

భరిణె దాటిపోతే ఎలా ఉంటుందో జ్ఞానప్రసూనకి తెలుసు. కానీ అది ఈ పిల్లని ఎందుకు దాటాలో తెలియలేదు. కారణం అవని మాటల్లో తెలిసింది.

"మా కరెంట్ బిల్లు చూసి మావారు ఏమన్నారో తెలుసా నిధీ? ఇంట్లో ఫ్యాక్టరీ ఏమన్నా పెట్టావా అన్నారు."

"మాదీ అంతేనే. డబుల్."

"ఫిక్స్‌డ్, ఫిక్స్‌డ్ అని సైన్ చేయించారుగా. ఏం ఫిక్స్ అయిందో మరి!"

అందరూ నవ్వారు. రెండేళ్ల కిందట ఈ పిస్కాటవే ఊళ్లో పారాయణం ఇళ్లన్నిటినీ, ఊరి కరెంట్ కంపెనీ నుంచి, రెండేళ్లు ఒకే రేటు అన్న ఒక ప్రైవేటు సప్లయర్‌కి మార్పించింది నమ్రతే. ఆమె ఆ కంపెనీకి ఏజెంటు. ఇంటికో సాయంత్రం కూర్చుని చేసింది. వీళ్లు కూడా రేటు చూసి కొంత, మనమ్మాయి అడుగుతోంది కాదంటే ఏం బాగుంటుందని కొంత, సరేనన్నారు. ఆ రెండేళ్ల స్థిరమైన రేటు ఈ చలికాలంలో ముగిసింది.

"అయిపోతుందని గ్రూపుల పెట్టిన కదా అవనీ," అంది నమ్రత. "రెండుసార్లు పెట్టిన. మార్చుకోండి అని కూడా రాసిన."

"గ్రూప్‌లోనా? ఆ గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్యలో ఎవరు చూస్తారమ్మా? నేనెప్పుడో మ్యూట్‌లో పెట్టేశాను. చేర్పించుకునేటప్పుడు ఇంటికొచ్చావ్, కాఫీ తాగావ్, లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టావ్. అయిపోయేటప్పుడు మాత్రం మెసేజా?"

జ్ఞానప్రసూన నోటి దాకా ఒక మాట వచ్చింది. అంతలో ఎవరో అరటిపండు తెచ్చి చేతిలో పెట్టారు. పండు అందుకోవడంలో మాట లోపలికి పోయింది.

ఇంటికి దింపేది ఎప్పుడూ నమ్రతే. ఇద్దరివీ పక్కపక్క బిల్డింగులు. కారు దిగుతూ జ్ఞానప్రసూన, "రేపు శనివారం. బిల్లు వచ్చింది. వస్తావుగా?" అని అడిగింది.

"చూస్త ఆంటీ. జాగ్రత్త, మెట్ల కాడ ఐసుంది."

చూస్తానని ఆ పిల్ల ఇంతకు ముందెప్పుడూ అనలేదు.

ఆ సాయంత్రం జ్ఞానప్రసూన మినప్పప్పు కడుగుతోంది. నానిన పప్పు పొట్టు నీళ్ల మీదికి తేలుతుంటే అరచేత్తో తోసి సింకులోకి వంచుతోంది. చుట్టుపక్కల నాలుగైదు ఇళ్లకి దోసెపిండి ఆమే రుబ్బి ఇస్తుంది. గ్రైండరు తిరుగుతుంటే పక్కన నిలబడి, చేతివేళ్లు తడుపుకుంటూ, రాయికి అంటిన పిండిని లోపలికి తోస్తుంది. నీళ్లు కొలిచి పోయదు, చప్పుడు విని పోస్తుంది. ఎండాకాలం పిండి దానంతటదే పులుస్తుంది. ఈ చలిలో మాత్రం గిన్నెని ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు ఒక్కటే వేసి ఉంచాలి. ఆ చిన్న బల్బు వేడికే పొద్దున్నకి పిండి పొంగుతుంది.

కౌంటరు మీద స్పీకర్లో పెట్టిన ఫోన్లోంచి, దూరాన అల్ఫారెట్టా ఊళ్లో ఉండే కూతురు రేణు మాట్లాడుతోంది.

"అమ్మా, నోటీసు వచ్చి ఇన్నాళ్లయింది. ఇంకా ఆ సప్లయర్‌తోనే ఉన్నావా? ఊరి కరెంట్ కంపెనీకి వెనక్కి వచ్చేయ్. ఫైవ్ మినిట్స్ పని. నేను ఇక్కణ్ణుంచి చేసేస్తాను, అకౌంట్ నెంబర్ చదువు."

"ఆ పిల్లకి చెప్పకుండా ఎలాగే?"

"చెప్పడానికి ఏముంది? పెళ్లి సంబంధమా తెంచుకోవడానికి? ఆ అమ్మాయికి నీ మీద కమిషన్ వస్తుందమ్మా. నీకు మొహమాటం, వాళ్లకి బిజినెస్."

"పాపం, అందరూ మానేస్తున్నారు."

"అందుకని నువ్వు డబుల్ కడతావా?"

జ్ఞానప్రసూన నీళ్లు వంచి మళ్లీ పట్టింది. "రేణూ, మారేటప్పుడు కరెంటు పోతుందా? ఓవెన్‌లో పిండి ఉంటుంది."

"అయ్యో అమ్మా! అదే వైరు, అదే మీటరు. ఎవరూ స్తంభం ఎక్కరు. బిల్లులో పేరు మారుతుందంతే."

ఆమెకి నమ్మకం కుదరలేదు. ఒకళ్లు వదిలేసి ఇంకొకళ్లు అందుకునేటప్పుడు మధ్యలో ఒక్క క్షణమైనా చీకటి ఉండదా?

రేణుకి ఆమె చెప్పని సంగతి ఒకటుంది. నోటీసులో ఏముందో ఆమెకి మొదటి రోజే తెలుసు. మెయిల్‌బాక్సు దగ్గరే నిలబడి చివరి దాకా చదివింది. ఇంగ్లీషు చదవడం ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పప్పు ప్యాకెట్లు, బస్సు బోర్డులు, లైబ్రరీలో పిల్లల పుస్తకాలు, తర్వాత పెద్దవాళ్ల పుస్తకాలు, అలా వచ్చింది. కరెంటు బిల్లు ఆమెకి ఒక లెక్క కాదు. అయినా ప్రతి నెలా చదివి, మళ్లీ కవరులో పెట్టి, శనివారం టేబుల్ మీద కళ్లద్దాల పక్కన ఉంచి, "కళ్లు ఆనడం లేదు తల్లీ, చూసి చెప్పు" అనేది. నమ్రత కూర్చుని చదివేది. చదవడానికి కాఫీ చల్లారేంత సేపు పట్టేది. ఆ తర్వాత కబుర్లకి మధ్యాహ్నం సరిపోయేది కాదు.

శనివారం నమ్రత రాలేదు.

టేబుల్ మీద కవరు, కళ్లద్దాలు పెట్టి జ్ఞానప్రసూన కిటికీ దగ్గరికి వెళ్లింది. వచ్చి కాఫీ గిన్నె దించింది. మళ్లీ వెళ్లింది. కిటికీ గట్టు మీద మూడు కరివేపాకు కుండీలున్నాయి. మూడూ ఈ కాంప్లెక్స్ వదిలి వెళ్లిపోయిన వాళ్లవే. ఒకరు సన్నీవేల్ వెళ్లారు, ఒకరు ఇల్లు కొనుక్కుని వెళ్లారు, ఒకరికి వీసా అయిపోయింది. ట్రక్కు వచ్చే ముందు రోజు, ఫ్రిజ్‌లో మిగిలిన అల్లంవెల్లుల్లితో పాటు కుండీ తెచ్చి ఇస్తారు. "మీరైతే బాగా చూసుకుంటారు ఆంటీ. ఫోన్ చేస్తూ ఉంటాం" అంటారు. మొదట్లో చేస్తారు కూడా.

నమ్రత ఇంట్లోనూ ఒక కుండీ ఉంది. ఎప్పుడు ఆ ఇంటికి వెళ్లినా జ్ఞానప్రసూన ముందు దాన్నే చూస్తుంది, అక్కడే ఉందా అని.

సప్లయర్‌ని మానేస్తే ఆ పిల్లకి తన ఇంటికి రావడానికి పనేముంటుంది? అదే ఆమె భయం. రేణు చెప్పిన కమిషన్ ఏదో తన మూలంగా ఒక్కటైనా ఉంటే, ఆ ఒక్క దారం మిగులుతుంది. రెట్టింపు బిల్లు కట్టినా సరే. అలా అనుకున్నాక కాస్త ఊపిరాడింది. కాసేపే. ఓవెన్‌లో పిండి పొంగి అంచు దాటి ఓవెన్ అడుగున కారుతుంటే గానీ దాని సంగతి గుర్తుకు రాలేదు.

ఆదివారం పొద్దున్నే స్టీలు డబ్బాలో పిండి పోసి, మూతకి రబ్బరుబ్యాండు వేసి, చేతిసంచిలో నోటీసు కూడా పెట్టుకుని బయల్దేరింది. పార్కింగులో కార్లని పట్టుకుంటూ, ఐసు మీద అడుగు తీసి అడుగు వేస్తూ పక్క బిల్డింగుకి చేరింది.

తలుపు నమ్రత భర్త అవినాష్ తీశాడు. "ఆంటీ! గీ ఐసుల నడిచొచ్చిన్రా? ఒక్క ఫోన్ కొడితే నేనే రాకపోదునా? నమ్రతా, ఎవలొచ్చిన్రో చూడు!"

కుండీ కిటికీ దగ్గరే ఉంది. జ్ఞానప్రసూన అది చూసి, కూర్చుని, చీర అంచుకంటిన మంచు కరిగి నేల తడుస్తుంటే కాళ్లు వెనక్కి లాక్కుంది.

నమ్రత తలకి నూనె రాసుకుని ఉంది. జుట్టు ముడి వేసుకుంటూ వచ్చి ఎదురుగా నేల మీదే కూర్చుంది. "నిన్న రాలేదని కోపమొచ్చిందా ఆంటీ?"

దారంతా కూడబలుక్కున్న మాటలు జ్ఞానప్రసూన ఒక్క గుక్కలో చెప్పేసింది. "ఎవరు మానేసినా నేను మాననమ్మా. ఎంతైతే అంత. నీ పేరు మీద ఒక్క ఇల్లయినా ఉండాలిగా. నన్ను ఆ కంపెనీలోనే ఉంచెయ్."

వంటింట్లోంచి అవినాష్ నవ్వాడు.

"ఏ కంపెనీ ఆంటీ? ఆమెను వాళ్లు దసరాకు ముందుగాలనే తీసేసిన్రు కదా?"

"అవీ, నువ్వూకో," అంది నమ్రత భర్తతో.

"ఎందుకూకుంట? ఎన్ని రోజులు దాస్తవ్?" అతను టవలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "రేటు అయిపోతుందని కస్టమర్లకు ముందుగాల చెప్పొద్దు అన్నరంట ఆంటీ. వాళ్లకు నోటీసు పోతది, మీరు నడుమల రావొద్దు అని. ఈమె పోయి గ్రూపుల పెట్టింది. ఎవరో దాన్ని ఫార్వర్డ్ చేసిన్రు, అది తిరిగి తిరిగి వీళ్ల మేనేజర్ కాడికి పోయింది. ఆ మెసేజ్‌కే తీసేసిన్రు."

నేల మీద నీళ్లు చిన్న మడుగు కట్టాయి. జ్ఞానప్రసూన వాటినే చూస్తూ, "మొన్న నిధి ఇంట్లో ఆ మాట చెప్పవేం?" అంది.

"చెప్తె ఏమైతది? మీ కోసమే నా జాబ్ పోయిందని ఏడ్చినట్టుంటది. వాళ్లను లాప్‌టాప్ ముంగట కూసోబెట్టింది నేనే కదా ఆంటీ. అవని అన్నది అబద్ధమేం కాదు."

"సరే. మరి నీకు ఆ కంపెనీతో పని లేనప్పుడు ఇన్ని నెలలూ నా బిల్లు ఎందుకు చూశావ్?"

నమ్రత జుట్టు ముడి మళ్లీ విప్పింది. "మీరు పిలిచిన్రు కదా. కళ్లద్దాలు, కవరు రెడీగ పెట్టుకొని కూసుంటరు. నేను కంపెనీల లేనంటే ఇంకెవర్నన్న పిలుస్తరేమో అనుకున్న. ఆ ఇంట్ల మంచిగుంటది నాకు. గ్రైండర్ చప్పుడు, అదంత."

జ్ఞానప్రసూన గబగబా సంచిలోంచి నోటీసు తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, "అయితే దీన్ని వదిలించుకోవాలి. ఇదుగో, ఇక్కడ చెప్పాడు," అంటూ రెండో పేజీ తిప్పి, ఇంగ్లీషులో ఉన్నది ఆగకుండా చదివి, తెలుగులో చెప్పింది. ఫోన్ చేసి మానేస్తానంటే చాలు, రుసుము లేదు, వచ్చే మీటరు రీడింగ్ నుంచి ఊరి కంపెనీకి మారిపోతుంది. కింద చిన్న అక్షరాల్లో ఉన్న షరతు కూడా చదివింది.

ఇద్దరూ నోరు తెరుచుకుని వింటున్నారు. అప్పటికి గానీ తను ఏం చేసిందో ఆమెకి తెలియలేదు.

"ఆంటీ," అంది నమ్రత నెమ్మదిగా, "మీకు చదువొస్తదా?"

"వస్తుంది."

"గింత చిన్న అక్షరాలు కూడా ఆనుతున్నయా?"

జ్ఞానప్రసూన కాగితాన్ని మడత మీద మడత పెడుతూ కూర్చుంది. అవినాష్ వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్లిపోయాడు. అతని భుజాలు కదులుతున్నాయి. నమ్రత మొదట నవ్వలేదు. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకుని మరీ నవ్వింది. "ప్రతి నెల నాతోని అక్షరమక్షరం చదివిపిచ్చిన్రు కదా ఆంటీ!"

అక్కడే ఫోన్ చేశారు. పాట వినిపిస్తూ చాలాసేపు ఉంచి చివరికి ఒకమ్మాయి పలికింది. మానేయడానికి కారణం అడిగింది. "రేటు అని చెప్పండి" అని నమ్రత గుసగుసలాడింది. జ్ఞానప్రసూన ఫోన్ దగ్గరికి వంగి, తన ఇంగ్లీషులో ఒక్కో మాటా విడివిడిగా పలుకుతూ, మీ దగ్గర ఒక మంచి పిల్ల ఉండేది, నిజం చెప్పిందని తీసేశారు, అందుకు, అని చెప్పింది. ధర ఎక్కువైనందుకు అని రాసుకుంటున్నానమ్మా అని ఆ అమ్మాయి మర్యాదగా చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఇంటికి వచ్చాక స్థిమితం లేదు. అబద్ధం ఉన్నంత కాలం శనివారానికి ఒక పని ఉండేది. ఇప్పుడు ఇటు కంపెనీ లేదు, అటు కళ్లు ఆనకపోవడమూ లేదు. ఆ పిల్ల ఏమని వస్తుంది? తను ఏమని రమ్మంటుంది?

తర్వాతి శుక్రవారం పారాయణం అవని ఇంట్లో. నమ్రత వెళ్లనంది. జ్ఞానప్రసూన వేరే వాళ్ల కారెక్కి వెళ్లింది. భరిణె తిరగడం మొదలైనప్పుడు చూపు దించలేదు. పండు వచ్చే లోపలే చెప్పాలని ఆమె తొందర.

"నమ్రతని కంపెనీ వాళ్లు తీసేశారు. మీకు ఆ మెసేజ్ పెట్టినందుకే. దసరాకి ముందే."

భరిణె ఆగింది. అవని ఏదో అనబోయి, ఫోన్ తీసుకుంది. వేలితో పైకి తోస్తూ పోయింది. గులాబీలు, కాఫీ కప్పులు, సూర్యోదయాలు గిర్రున దొర్లాయి. ఒకచోట వేలు ఆగింది. రెండుసార్లు చదువుకున్నట్టుంది. "ఉంది," అంది. ఆ తర్వాత ఫోన్ బోర్లా పెట్టి, "అయినా ఒక్క మాట నోటితో చెప్పొచ్చుగా ఆంటీ," అంది. ఆ గొంతులో వారం కిందటి పదును లేదు. ఎవరూ నవ్వలేదు. జ్ఞానప్రసూన చేతిలోకి పండు వచ్చింది. ఈసారి అందుకుని పక్కన పెట్టి, "నమ్రతది కూడా ఇవ్వండి, పట్టుకెళ్తాను," అంది. అవని కన్నా ముందు నిధి లేచి వెళ్లి కవర్లో తమలపాకులు, పండు, జాకెట్టుగుడ్డ పెట్టి తెచ్చింది. ఆ రాత్రే జ్ఞానప్రసూన అవినాష్‌ని పిలిచి ఆ కవరు ఇచ్చేసింది. నమ్రతకి పని దొరికిందని, కొత్తగా వెళ్తోందని అతను చెప్పాడు. ఎక్కడ అని అడగడానికి భయపడి అడగలేదు.

మీటరు రీడింగ్ రోజు వచ్చేసరికి మంచు కరిగి పార్కింగు అంచుల్లో నల్లటి కుప్పలుగా మిగిలింది. జ్ఞానప్రసూన ముందు రోజే ఎక్కువ పప్పు నానబోసి, పొద్దున్నే రుబ్బడం మొదలుపెట్టింది. కరెంటు పోయే లోపల గ్రైండరు పని అయిపోవాలి. పిండి ఓవెన్‌లో పెట్టి లైటు వేసింది. అక్కణ్ణుంచి రోజంతా కాపలా. మైక్రోవేవ్ గడియారం వంక చూస్తుంది. ఒక్క రెప్పపాటు కరెంటు పోయినా అది సమయం మర్చిపోయి మిణుకుమిణుకుమంటుంది. ఓవెన్ అద్దంలోంచి లోపలికి వంగి చూస్తుంది. ఫ్రిజ్ ఆగితే ఆగిపోయిందనుకుంటుంది, మళ్లీ గుర్రుమంటే ఊపిరి తీసుకుంటుంది.

సాయంత్రం బెల్లు మోగింది.

నమ్రత ఖాళీ స్టీలు డబ్బా పట్టుకుని నిలబడింది. మెడలో కొత్త ఆఫీసు బ్యాడ్జి వేలాడుతోంది. "ఊళ్లెనే ఆంటీ, డెంటిస్ట్ కాడ ఫ్రంట్ డెస్క్," అని అడగకుండానే చెప్పింది. లోపలికి వచ్చి అలవాటుగా టేబుల్ దగ్గర కూర్చుంది. టేబుల్ మీద కళ్లద్దాలు మాత్రమే ఉన్నాయి. ఇద్దరూ వాటిని చూశారు.

"పోతదని భయపడ్డరు కదా, పోయిందా కరెంటు?" అడిగింది నమ్రత.

"లేదు."

"మరి ఎప్పుడు మారింది?"

"ఏమో. పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నాను. తెలియలేదు." జ్ఞానప్రసూన గడియారం వైపు మళ్లీ చూసింది. "రెండేళ్లు ఉన్నది, చప్పుడు లేకుండా పోయిందే. లైటు కూడా రెప్ప వెయ్యలేదు."

ఇద్దరూ కాఫీ తాగారు. డెంటిస్టు గురించి నమ్రత ఏదో చెప్పింది, జ్ఞానప్రసూన సగమే విన్నది. డబ్బా నింపి మూత పెట్టి ఇచ్చింది. ఆ పిల్ల తలుపు దగ్గర బూట్లు వేసుకుని, చేయి గొళ్లెం మీద పెట్టి, తియ్యకుండా నిలబడింది.

"ఆంటీ, నాకు బొట్టు పెట్టరా? ఇన్ని రోజుల నుంచి వస్తున్న, ఒక్కసారి పెట్టలే."

"నేను పెట్టకూడదమ్మా."

"ఎవరన్నరు?"

ఎవరన్నారో ఆమెకి గుర్తుకు రాలేదు. ఎవరూ అనలేదేమో కూడా. అల్మరాలో ఉప్పుడబ్బా వెనక భరిణె ఉంది. మూత బిగుసుకుపోయింది. నడుముకి ఆనించుకుని తిప్పితే వచ్చింది. కుంకుమ అడుగున గడ్డకట్టింది. గోటితో గీకి, వేలికి నీళ్లు అద్దుకుని కలిపింది.

నమ్రత జుట్టు వెనక్కి తోసుకుని, గడ్డం పైకెత్తింది. నిధి ఇంట్లో ఎత్తినట్టే. కళ్లు కూడా మూసుకుంది.

జ్ఞానప్రసూన వేలు గాలిలో ఆగింది. ఆ గడ్డం ఎంత సేపు అలా ఎత్తి ఉందో అప్పుడు చూసింది కాబట్టి, ఎక్కువసేపు ఆగనివ్వలేదు. బొట్టు కాస్త పక్కకి పోయింది.

"వెళ్లొస్త ఆంటీ."

"ఎప్పుడు?"

వెళ్లేవాళ్లని ఆమె ఆ మాట ఎప్పుడూ అడగలేదు. నమ్రత మెట్లు దిగుతూ వెనక్కి తిరిగింది. "శనివారం. గీ పిండి అప్పటిదాక ఏడ ఆగుతది?"

బూట్ల చప్పుడు కింది తలుపు దాటే దాకా విని జ్ఞానప్రసూన లోపలికి వచ్చింది. సింకు దగ్గర కొళాయి తిప్పి, వేలు చూసుకుని, కట్టేసింది. ఆ ఎర్రటి వేలు తగలకుండా ఎత్తి పట్టుకుని, మిగతా వేళ్లతో ఓవెన్ తలుపు తెరిచింది. లైటు వెలుగుతోంది. పిండి గిన్నె అంచు దాకా వచ్చింది.